రెండుంపావుకు ఇఫ్తార్

ఆ రోజుల్లో మా జగిత్యాలలో పొద్దున లేచినవాళ్లు ఒకరినొకరు అడిగే మొదటి మాట "చాయ్ తాగినవా" అని కాదు, "ఇయ్యాల బంద్ ఉన్నదా" అని. ఉందంటే కొందరికి సంబరం, కొందరికి విసుగు. నాకు మాత్రం ఉన్నా గాభరానే, లేకపోయినా గాభరానే. బంద్ ఉంటే పనికి ఎట్లా పోవాలని, లేకపోతే పోయాక దారిలో పెడతారేమోనని. (నేను పుట్టుకతోనే గాభరా మనిషిని. ఇప్పుడు కూడా, మా పాప పడుకున్నాక, గ్యాస్ కట్టేశానో లేదో రెండోసారి చూసి వచ్చి ఇది రాస్తున్నాను.) రాష్ట్రం వస్తుందా రాదా అని ఊరంతా ఒక దిక్కు చూస్తుంటే, ఒక చిన్నపిల్ల ఖర్జూరపండు నోట్లో వేసుకుంటుందా లేదా అని నేనొక్కదాన్నే ఇంకో దిక్కు చూస్తూ ఒక రోజంతా గడిపాను. ఆ రోజు సంగతి మీకు చెప్పాలి. మీలో కూడా అనవసరంగా భయపడేవాళ్లు ఉంటారు కదా, వాళ్లకు నా బాధ అర్థమవుతుంది.

ఇంజనీరింగ్ అయిపోయి నా దోస్తులందరూ హైదరాబాద్ బస్సెక్కితే, నేను జగిత్యాలలోనే ఒక కంప్యూటర్ సెంటర్‌లో చేరాను. పిల్లలకు పాఠాలు చెప్పడం, షాపులవాళ్లకు బిల్లుల ప్రోగ్రాంలు పెట్టివ్వడం, పెళ్లిపత్రికలు కొట్టివ్వడం, అన్నీ మా పనులే. మా సార్ మంచివాడు. ఆయనకున్న ఒకే ఒక లోపం ఏమిటంటే, వచ్చినవాళ్లు ఏం అడిగినా "ఐతది" అనేవాడు. ఎట్లా అవుతుందో ఆయనకు తెలియదు. అన్నాక నావైపు తిరిగేవాడు.

అట్లా ఒకరోజు కోరుట్ల నుంచి ఘడియారం చాచా వచ్చాడు. గడియారాల మరమ్మతుతో మొదలై, చేతి గడియారాలు కట్టుకునేవాళ్లు తగ్గిపోయాక సెల్‌ఫోన్లు అమ్మడంలోకి దిగిన మనిషి. కానీ మనసు ఇంకా గడియారాల్లోనే ఉండేది. ఏటా రంజాన్ ముందు మా సెంటర్‌కు వచ్చి ఉపవాసం పట్టే సహర్, విడిచే ఇఫ్తార్ వేళలు నెలరోజులకు అచ్చు వేయించుకుని, కింద తన షాపు పేరు పెట్టించుకుని ఊరంతా పంచేవాడు. ఆ వేళలు లెక్కగట్టే ప్రోగ్రాం మా సెంటర్ కంప్యూటర్‌లో ఉండేది. ఏ తేదీన పొద్దు ఎప్పుడు పొడుస్తుందో, ఎప్పుడు గూకుతుందో ఊరిని బట్టి చెప్పేది. మా సీనియర్ ఎవరో రాసి పెట్టిపోతే, నేను దాన్ని తుడిచి, సవరించి, సొంత బిడ్డలా చూసుకునేదాన్ని. ఆ ఏడు చాచా కూర్చోకుండానే అన్నాడు: "కాగితం ఎవరు చూస్తుండ్రు సార్? అందరి చేతుల్లో టచ్ ఫోన్లే ఉన్నయి. గా లెక్క ఫోన్లకు ఎక్కియ్యరాదా? ఇఫ్తార్ టైముకు గంట గూడ మోగాలె." మా సార్ "ఐతది" అన్నాడు. నావైపు తిరిగాడు.

నిజానికి నేను అంత భయపడలేదు ఆ పనికి. (అక్కడే అనుమానం రావలసింది.) ఎందుకంటే ప్రోగ్రాం రాసే భాషతో పాటే కొన్ని లైబ్రరీలు తయారుగా వస్తాయి. గణితానికి ఒకటి, తేదీలకు, గంటలకు ఒకటి. వాటిని మనం రాయనక్కర్లేదు, పిలిస్తే చాలు పలుకుతాయి. మా అమ్మ ఎండకాలంలో దంచి సీసాలకెత్తిన కారప్పొడి లాంటివి. ఏ ఇంటికి తీసుకుపోయి ఏ పొయ్యి మీద వండినా రుచి మారదు. కంప్యూటర్‌లో కిటికీలు, బటన్లు గీసే భాగం ఫోన్‌లో చెల్లదు కాబట్టి అది పారేసి కొత్తగా రాసుకున్నాను. లెక్క మాత్రం, ఆ లైబ్రరీలను పిలిచేదంతా, ఒక్క అక్షరం ముట్టుకోకుండా ఫోన్‌లోకి తెచ్చి పెడితే ఠంచనుగా పనిచేసింది. కంప్యూటర్‌లో ఏ నిమిషం వస్తే నా ఫోన్‌లో అదే నిమిషం, మా సార్ ఫోన్‌లో అదే నిమిషం. ఆ సాయంత్రం నేను జగిత్యాల కోట బురుజు మీద నిలబడినంత గర్వంగా ఆటో ఎక్కాను.

చాచా దాన్ని మెమరీ కార్డులో వేసుకుపోయి, తను అమ్మిన ప్రతి కొత్త ఫోన్‌లోనూ ఎక్కించాడు. వాటిల్లో ఒకటి ఆయన మనుమరాలిది. ఇంట్లో గుడియా అని పిలిచేవాళ్లు, తొమ్మిదేళ్ల పిల్ల. ఆ ఏడు దానికి మొదటి రోజా. వాళ్లలో పిల్లల మొదటి ఉపవాసం అంటే చిన్న పండుగ. కొత్త బట్టలు కుట్టిస్తారు, చుట్టాలను పిలుస్తారు, పూలదండ వేస్తారు. చాచా దానికి ఒక చిన్న టచ్ ఫోన్ బహుమతి ఇచ్చి, నా ముందరే, జగిత్యాల సెంటర్‌లోనే, దానికి ఒక ఆజ్ఞ జారీ చేశాడు. "ఇగ చూడు గుడియా, దాదీ తినుమంటది, అమ్మీ పాపమంటది, పక్కింటోళ్లు నీళ్లు తాగుమంటరు. ఎవ్వరి మాట వినకు. గీ ఫోన్ మోగినప్పుడే నోట్లె ఖజూర్ పెట్టాలె. గది మోగితే పెట్టాలె, మోగకుంటే పెట్టద్దు. సమజైందా?" అది రెండు చేతులతో ఫోన్‌ను పట్టుకుని పెద్దమనిషిలా తల ఊపింది. నాకు ఎంత ముచ్చటేసిందో. నా ప్రోగ్రాం మీద ఒక మనిషి అంత నమ్మకం పెట్టడం అదే మొదలు.

గుడియా రోజా ఉండే రంజాన్ మొదటి రోజునే బంద్ వచ్చిపడింది. సెంటర్ ఎట్లాగూ తెరవరని నేను ముందురోజే సిరిసిల్లలో మా ఇంటికి పోయాను. మగ్గాలు కూడా బంద్ కాబట్టి వీధిలో చప్పుడు లేదు. ఆ చప్పుడు మధ్యలో పుట్టి పెరిగినదాన్ని, అది లేకపోతే నాకు చెవుల్లో ఏదో తక్కువైనట్టే ఉంటుంది. మా కాక (మా నాన్న తమ్ముడు) మగ్గం లేని రోజు ఏం చేయాలో తోచక, కొత్త ఫోన్ తెచ్చి నా ముందు పెట్టాడు. నా సిఫారసు మీద కోరుట్ల పోయి చాచా దగ్గర కొన్న ఫోనే. నా గొప్ప చూపించుకుందామని అందులో నా ప్రోగ్రాం తెరిచాను. ఇఫ్తార్: మధ్యాహ్నం రెండుంపావు.

మూసి మళ్లీ తెరిచాను. రెండుంపావే. నా ఫోన్ తెరిచాను. సాయంత్రం ఆరుముప్పావు. రెండు ఫోన్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే గడియారం రెంటిలోనూ ఒకటే, సెకను తేడా లేదు. లెక్క ఒకటే, లైబ్రరీ ఒకటే, టైమ్ ఒకటే, మరి ఇఫ్తార్ రెండెట్లా అయింది? పళ్లు కూడా తోముకోకుండా కూర్చుని ఆ ఫోన్ సెట్టింగులు ఒక్కొక్కటే విప్పుకుంటూ పోతే, పన్నెండు దాటాక అడుగున దొరికింది సంగతి. ఆ ఫోన్ లండన్‌లో ఉంది.

కొంచెం విడమరిచి చెబుతాను. ఆ చవక ఫోన్లు తయారైనచోటనే లండన్ టైమ్ పెట్టుకుని పెట్టెలో కూర్చుంటాయి. మామూలుగా అయితే కొన్నవాళ్లు దేశం మార్చుకోవాలి. మారిస్తే గడియారం దానంతటదే సర్దుకుంటుంది. కానీ చాచా గడియారాల మనిషి. ఏ ఫోన్ పెట్టె విప్పినా ముందు చేసే పని, తన షాపు గోడగడియారం చూసి, ముల్లు తిప్పినట్టే ఫోన్‌లో గంటలు నిమిషాలు చేత్తో పెట్టడం. పైన దేశం పేరు ఏముందో చూడడు. గోడగడియారానికి ఎవరైనా దేశం అడుగుతారా? ఇక నా లైబ్రరీ ఉందే, అది గోడ వైపు చూడదు. "నువ్వు ఏ దేశంలో ఉన్నావు" అని ఫోన్‌నే అడుగుతుంది. ఫోన్ "లండన్" అంటుంది. కోరుట్లలో పొద్దుగూకే వేళకు లండన్‌లో మధ్యాహ్నం రెండుంపావు. దాని మటుకు అది సత్యమే చెప్పింది. జగిత్యాలలో మా కంప్యూటర్ ఇండియాలో ఉంది, నా ఫోన్, సార్ ఫోన్ ఇండియాలో ఉన్నాయి. కోరుట్ల ఫోన్లన్నీ పరదేశంలో ఉన్నాయి. ఇక్కడ మనం ఒక రాష్ట్రం కోసం కొట్లాడుతుంటే అవి ఏకంగా దేశమే మారిపోయాయి.

అప్పుడు గుర్తొచ్చింది గుడియా. గది మోగితే పెట్టాలె.

చాచాకు ఫోన్ చేశాను. ఆయన దీక్షా శిబిరంలో ఉన్నాడు. (ఆ రోజుల్లో ప్రతి ఊళ్లోనూ ఒక టెంట్ ఉండేది, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా రోజుకు కొందరు వంతుల వారీగా నిరాహారదీక్ష చేసేవాళ్లు. "నాది ఎట్లనో ఉపాసమే గదా, నెలంత నా పేరే రాసుకోండ్రి" అని చాచా ముందుకొచ్చాడట. ఒక్క కడుపుతో రెండు ఉపవాసాలు చెల్లవని కమిటీవాళ్లు అభ్యంతరం చెబితే, "కడుపు ఒక్కటే, నియ్యత్ రెండు" అన్నాడట, నియ్యత్ అంటే సంకల్పం.) వెనక నినాదాలు, మైకు. నేను విషయం చెప్పడం మొదలుపెట్టాను.

"చాచా, ఫోన్లల్ల టైమ్ తప్పున్నది."

"తప్పా? నా చేత్తోని పెట్టిన బేటీ. సెకండు గూడ పోదు."

"టైమ్ కరెక్టే ఉన్నది చాచా, దేశం తప్పున్నది."

మైకులో ఎవరో పాడుతున్నారు. తర్వాత చాచా చాలా జాలిగా అన్నాడు: "ఇయ్యాల ఎండ బాగున్నది బేటీ. కొంచెం నీళ్లు తాగి పండుకో." అంతలో లైన్ తెగింది. మళ్లీ చేస్తే స్విచాఫ్. కరెంటు కోతల కాలం, ఎవరి ఫోన్‌లోనూ ఛార్జింగ్ నిలిచేది కాదు. గుడియా ఫోన్‌లో సిమ్ లేదు. వాళ్ల ఇంటి నంబరు నా దగ్గర లేదు.

కాకను బతిమాలాను. ఆయన బండి తీస్తూనే గులిగాడు. "ఎండ నెత్తి మీద కొడుతుంటే పొద్దు గూకిందని ఎవలన్న అనుకుంటరా బిడ్డా? గంత ఎడ్డి పిల్లనా అది?" ఎడ్డి పిల్ల కాదు కాకా, మాట వినే పిల్ల, అదే నా భయం అన్నాను. బంద్ రోజు మధ్యాహ్నం ఇంట్లో పెద్దవాళ్లందరూ కునుకు తీస్తారు. అదొక్కటే ఫోన్ ముందు కూర్చుని ఉంటుంది. మోగుతుంది. పెడుతుంది. తర్వాత ఎవరో నవ్వుతారు. మొదటి రోజా పోయిందని అది ఏడుస్తుంది. చుట్టాలొస్తారు, పూలదండ పళ్లెంలో ఉంటుంది, అది గదిలోంచి బయటికి రాదు. వేములవాడ దాటేలోపే ఈ సినిమా మొత్తం నాకు కళ్ల ముందు కనిపించింది. చందుర్తి దాటేసరికి గుడియా పెద్దదై కూడా నన్ను తిట్టుకుంటోంది.

రుద్రంగి దాటాక రోడ్డుకు అడ్డంగా వంటావార్పు జరుగుతోంది. మూడు రాళ్ల పొయ్యిల మీద పెద్ద గిన్నెలు, రోడ్డు పొడుగునా విస్తళ్లు. బండి దిగి కూర్చుని తినకుండా ఎవరినీ పోనివ్వరు. అది ఉద్యమం పద్ధతి. నేను చేతులు జోడించి, కోరుట్లలో ఒక చిన్నపిల్ల ప్రమాదంలో ఉంది అన్నాను. అందరూ లేచి నిలబడ్డారు. ఏమైంది, ఏ దవాఖాన అని ఒక పెద్దాయన అడిగాడు. ఫోన్ లండన్‌లో ఉందని చెప్పడం మొదలుపెట్టాను. మా కాక నెత్తి పట్టుకున్నాడు. పెద్దాయన ఓపికగా అంతా విని, మా కాక భుజం మీద చేయి వేసి, "గీ పిల్ల పొద్దటిసంది ఏమన్న తిన్నదా?" అని అడిగాడు. తినలేదని కాక చెప్పాడు. "గదే," అన్నాడాయన. విస్తరి వేయించాడు.

కాక హాయిగా తిన్నాడు. పప్పు బాగుందని రెండోసారి పెట్టించుకున్నాడు. నేను అన్నం మెతుకులు లెక్కపెడుతున్నట్టు విస్తరి వైపు చూస్తూ కూర్చున్నాను. అప్పుడే కాక జేబులో గంట మోగింది. టింగ్ టింగ్‌మని, నేనే ఏరికోరి పెట్టిన గంట. అందరూ కాక వైపు చూశారు. వడ్డించే అబ్బాయి, "ఇగో, గంట గూడ కొట్టిండ్రు, తినుండ్రి తినుండ్రి" అన్నాడు. నవ్వులు. నా ఒక్కదాని కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఈ క్షణంలో కోరుట్లలో అదే గంట మోగుతోంది.

తర్వాత కథలాపూర్ ఎట్లా దాటామో నాకు గుర్తులేదు. కోరుట్లలో శిబిరం ముందు బండి ఆగేసరికి చాచా టెంట్‌లో దండ వేసుకుని కూర్చుని ఉన్నాడు, ముఖం మాడిపోయి ఉంది. రెండుంపావుకు బజారంతా గంటలు మోగాయట. మంగలి దుకాణం ముందర ఒకటి, మసీదు మెట్ల మీద ఒకటి, ఆటోస్టాండ్‌లో మూడు నాలుగు, ఆఖరికి దీక్షలో కూర్చున్నవాళ్ల జేబుల్లోనూ. బంద్ ముగిసిందనుకుని ఒక కిరాణావాడు షట్టర్ సగం లేపాడట. కమిటీవాళ్లు చాచాను ఏడిపించుకు తింటున్నారు, "ఏం చాచా, నీ అల్లా జల్ది చేసిండేంది ఇయ్యాల" అని. చాచా నన్ను చూసి ఏదో అనబోయాడు. నేను ఆయనను అననివ్వలేదు. "గుడియా ఏది?" అన్నాను. ఆయన ముఖం మీద అప్పటిదాకా ఉన్న కోపం ఒక్కసారి జారిపోయింది. తను ఇచ్చిన ఆజ్ఞ ఆయనకు అప్పుడే గుర్తొచ్చినట్టుంది. దండ తీయడం కూడా మరిచిపోయి ముందు నడిచాడు. నిరాహారదీక్షలో ఉన్న మనిషి ఇంటివైపు పరుగెత్తడం చూసి వెనక టెంట్‌లో ఏమనుకున్నారో నాకు తెలియదు.

ఇల్లంతా నిద్రలో ఉంది, నేను ఊహించినట్టే. గడపలో గుడియా ఒక్కతే కూర్చుని ఉంది, కొత్త గాగ్రాతో. ఒళ్లో ఫోన్, దాని మీద ఒక చేతిరుమాలు కప్పి ఉంది. పక్కన పళ్లెం. పళ్లెంలో ఖర్జూరాలు. ఎన్ని ఉండాలో నాకు తెలియదు కాబట్టి చూసినా లాభం లేకపోయింది. చాచా దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. నేనే అడిగాను.

"ఫోన్ మోగిందా గుడియా?"

"మోగింది."

"మరి?"

అది దాదా వైపు చూసింది, నా వైపు చూసింది, గొంతు తగ్గించి చెప్పింది, పడుకున్నవాళ్లు లేస్తారన్నట్టు. "దానికి ఆకలైందక్కా. దానిది గూడ మొదటి రోజానే గదా. చిన్నది, ఆగలేకపోయింది. నేను బయటికొచ్చి చూసిన, ఎండ గట్లనే ఉన్నది. ఇంక శానసేపు ఉన్నదని చెప్పి రుమాల్ కప్పి పండవెట్టిన."

చాచా దాన్ని ఎత్తుకున్నాడు. తొమ్మిదేళ్ల పిల్లను ఎత్తుకునే వయసు కాదు ఆయనది, ఉపవాసం వేరే. మా కాక వెనక నుంచి నిమ్మళంగా అన్నాడు: "చెప్పిననా బిడ్డా." నేను గడపలో కూలబడ్డాను.

ఆ మధ్యాహ్నమంతా శిబిరంలోనే కూర్చున్నాను. చాచా దగ్గర ఫోన్ కొన్నవాళ్లందరూ తీసుకురావాలని మైకులో చెప్పారు, బంద్ కాబట్టి ఎవరికీ వేరే పని లేదు, అందరూ వచ్చారు. మొదటి ఫోన్‌లో దేశం మార్చగానే గడియారం ఒక్క దూకు దూకి రాత్రి ఎనిమిది దాటేసింది. చాచా గుండె మీద చేయి వేసుకున్నాడు, "ఇఫ్తారే అయిపాయె గద బేటీ" అన్నాడు. చేత్తో పెట్టిన టైమ్ కదా, దేశం మారితే గంటలు కూడా మారతాయి, మళ్లీ సరిచేయాలి. నేను దేశం మార్చి ఇస్తుంటే ఆయన షాపు నుంచి తెప్పించుకున్న గోడగడియారం ప్రకారం గంటలు పెట్టసాగాడు. ఈసారి ప్రతిదానికీ దేశం పేరు పైకి చదివి మరీ పెట్టాడు. కమిటీ పెద్దాయన మైకు అందుకుని, కోరుట్ల ఇయ్యాల ఇంగ్లీషోళ్ల నుంచి విముక్తమైతున్నదని ప్రకటించాడు. జనం నిజంగానే చప్పట్లు కొట్టారు. (మర్నాడు జగిత్యాల పోయి ప్రోగ్రాంలో ఒక్క వరుస చేర్చాను, ఫోన్‌ను దేశం అడగవద్దు, ఇండియానే అనుకో అని. ఆ ఒక్క వరుస ముందే రాసి ఉంటే ఇంత కథ లేదు.)

సాయంత్రం దీక్ష విరమణకు అందరికీ నిమ్మరసం ఇచ్చారు. చాచా తన గ్లాసు చేత్తో పట్టుకుని ఫోటోకు కూర్చుని, తాగకుండా పక్కన పెట్టాడు, ఆయనకు ఇంకా టైముంది. నాకు కూడా ఒకటి ఇచ్చారు, కానీ నేను తాగలేదు. మళ్లీ ఆరుముప్పావుకు ఆ ఫోన్ సరిగ్గా మోగుతుందో లేదో అని భయం. వాళ్లింట్లో చుట్టాలందరి మధ్య గుడియా పూలదండ వేసుకుని కూర్చుంది. మసీదులో అజాన్ మొదలైంది, దాని వెంటనే ఫోన్ మోగింది. అది ఖర్జూరం ఒకటి తీసుకుంది. రెండోది నాకు ఇచ్చింది. వాళ్ల దాదీ నన్ను చూసి, ఈ పిల్ల పొద్దటి నుంచి మంచినీళ్లయినా ముట్టలేదని మా కాక చెప్పాడని, సవాబ్, ఆ పుణ్యం, నాకు కూడా ఉంటుందని అంది. ఒక్క గుటక కూడా తాగని సంగతి నాకు అప్పుడే తెలిసింది. ఆ ఖర్జూరం ఎంత తియ్యగా ఉందో ఇప్పుడు చెప్పలేను.

గుడియాకు ఇప్పుడు పెళ్లీడు. రాష్ట్రం వచ్చింది, జగిత్యాల, సిరిసిల్ల రెండూ జిల్లాలయ్యాయి. నా కూతురి బడి బస్సు ఎక్కడుందో ఇప్పుడు నా ఫోన్‌లోనే కనిపిస్తుంది. అయినా బస్సు మలుపు తిరగకముందే నేను గేటు దగ్గర నిలబడి ఉంటాను, ఫోన్‌లో బస్సు చుక్క కదలకపోతే గుండె ఆగిపోతుంది. మొన్న మా పాప అడిగింది, అమ్మా, నేను వస్తనని తెలుసు కదా, మళ్ల ఎందుకు నిలబడుతవ్ అని. అప్పుడప్పుడు ఆ బండి వెనక సీటు మీద, చందుర్తి దాటుతూ, లేని ఏడుపులన్నీ వింటూ పోతున్న ఆ ఇంజనీరు పిల్ల పక్కన కూర్చుని చెప్పాలనిపిస్తుంది, పొద్దు గూకిందో లేదో పిల్లలకు తెలుస్తుందమ్మా, నువ్వు నిమ్మళంగా రెండు ముద్దలు తిను అని. వినదనుకోండి. ఇప్పటికీ వినడం లేదు.